బావ తెచ్చిన నీళ్ళ సీసా

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగు పలక మీద తగిలించాడు. విరుదునగర్‌లో ఒక చిన్న ఎముకల ఆస్పత్రి అది. మా అక్క రంగమ్మ గడప దాటబోయి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుందని మేనకోడలు భాగ్యం ఫోను చేస్తే హైదరాబాదు నుంచి రైలెక్కి వచ్చాను. ఫిల్ములో ఎముక ఉండాల్సిన దానికన్నా తెల్లగా, అంచులు గరుకుగా, సున్నం కొట్టిన గోడలాగా ఉంది. వెన్నుపూసల మధ్య కనిపించాల్సిన సందులు పూడిపోయాయి. డాక్టరు కుర్రవాడే అయినా ఓపిక ఉన్నవాడు. తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. "చూడ్డానికి గట్టిగా ఉన్నట్టుంది కదా. సుద్దముక్క కూడా అట్లాగే ఉంటుంది. పడితే ముక్కలవుతుంది. ఇది వయసు వల్ల వచ్చింది కాదు, నీళ్ళ వల్ల వచ్చింది. నీళ్ళలో ఫ్లోరైడు. పెద్దామె ఏ నీళ్ళు తాగుతుంది?"

భాగ్యం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఆమెకు అదే అలవాటు. పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. "మా ఊర్లో అందరం ఫిల్టరు నీళ్ళే తాగుతాం సార్. బోరు నీళ్ళు నేరుగా ఎవరూ తాగరు. ఆ ఫిల్టరు పెట్టింది మా మామే" అని నా వైపు చెయ్యి చూపించింది. "పెద్ద సైంటిస్టు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో గర్వం ఉంది. డాక్టరు మర్యాదగా కుర్చీలోంచి లేవబోయాడు. వద్దని చేత్తో సైగ చేశాను. అక్కడ చెప్పకుండా బయటికి వచ్చేసిన సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

బతుకంతా నేను చేసిన పని ఉపరితల రసాయన శాస్త్రం. ఒక గట్టి వస్తువు పైపొర మీద ఇంకొక వస్తువు ఎలా అంటుకుంటుంది, ఎంత అంటుకుంటుంది, ఎప్పుడు వదిలిపెడుతుంది అన్నదే ఆ శాస్త్రం. లోపలికి ఇంకిపోవడం వేరు, పైన అంటుకోవడం వేరు. పైపొర మీద చోట్లు కొన్నే ఉంటాయి. కోవిల్‌పట్టి నుంచి సంతరోజు బయలుదేరే బస్సులాంటిది అది. సీట్లు నిండాక ఎక్కేవాడికి చోటుండదు. తేడా ఏమిటంటే, బస్సు నిండితే కండక్టరు అరిచి చెబుతాడు. ఆ ఫిల్టరులో నేను పోయించిన గుళికలు నిండినప్పుడు చెప్పేవాడు లేడు. నీళ్ళు ముందులాగే తేటగా, చప్పుడు చేసుకుంటూ వస్తూనే ఉంటాయి.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఇళ్ళలో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక మా అమ్మాయి వాచకం ముందు పెట్టుకుని నేను ఈ అక్షరాలు దిద్దుకున్నాను. అక్కడి తోటివాళ్ళు నా మాట విని, "మీరు మా ముత్తవ్వ మాట్లాడినట్టు మాట్లాడతారండీ" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఈ జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టినప్పుడు, వీటిని చదవడం అక్కకు రాదని, అక్క ఊళ్ళో ఎవరూ చదవలేరని తెలుసు. ఆ మాటే నాకు ధైర్యమిచ్చింది. నన్ను నిలదీయాల్సినవాళ్ళకు రాని లిపిలో నేను పశ్చాత్తాపపడుతున్నాను.

మేము పుట్టిన ఊరు తమిళనాడులో, నాగలాపురం అవతల, నల్లరేగడి పొలాల మధ్య. వాన పడితే మిరప, పత్తి. పడకపోతే గట్టున నిలబడి ఆకాశం చూడటమే. నాయన మిరపకాయల బస్తాలు విరుదునగర్ మండీకి వేసుకుపోయి తిరిగి వచ్చిన రోజు, ఆయన చొక్కా విప్పి విదిలిస్తే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. ఆయన మాత్రం తుమ్మేవాడు కాదు, నవ్వేవాడూ కాదు. చొక్కా దండెం మీద పారేసి, తిన్నె మీద కూర్చుని, "నీళ్ళు" అనేవాడు. సరుకు ఏ ధరకు పోయిందో ఆ ఒక్క మాట గొంతును బట్టి మాకు తెలిసిపోయేది. అమ్మ పొద్దున్నే పొలానికి పోయేది. ఇల్లు అక్క చేతిలో ఉండేది. నాకంటే ఎంతో పెద్దది కాదు, అయినా నాకు గుర్తున్నంతవరకు ఆమె ఎప్పుడూ పెద్దదే.

నీళ్ళంటే ఊరణి నీళ్ళు. ఊరణి అంటే వానకు నిండే తాగునీటి గుంట. దాని కట్ట ఎక్కేముందు చెప్పులు కింద వదలాలి. పశువును తోలకూడదు, బట్ట తడపకూడదు, ఉమ్మకూడదు. ఎండాకాలం చివర నీళ్ళు అడుగంటినప్పుడు ఇంటికొక మనిషి తట్ట పట్టుకుని దిగి పూడిక మన్ను ఎత్తాలి. ఎత్తిన మన్ను ఎవరి పొలానికి వాళ్ళు తోలుకోవచ్చు. మనిషిని పంపని ఇంటి పేరు ఆ ఏడాదంతా కట్ట మీద ఆడవాళ్ళ నోళ్ళలో నానేది. అంత కాపాడినా కొత్త వాన నీళ్ళు టీలాగా ఉండేవి. అక్క బిందె తెచ్చి గుడ్డలో వడగట్టి మట్టికుండలోకి పోసేది. పోసేముందు కుండ లోపలి గోడకు తేత్తాంగొట్ట అరగదీసేది. ఆంధ్రలో దాన్నే చిల్లగింజ అంటారని చాలా ఏళ్ళకు తెలిసింది. గింజ గరగరమని రాపాడే చప్పుడు, తడి మట్టి వాసన, ఆ తర్వాత కుండను కదపకూడదన్న ఆజ్ఞ. నేను కుండ పక్కన బోర్లా పడుకుని మూత సందులోంచి చూసేవాణ్ణి.

"చెయ్యి పెట్టినావంటే ఇరగ్గొడతా" అనేది అక్క.

"మన్ను యాల కిందికి పోతాదక్కా?"

"దానికి నిద్దర వస్తాది. పండుకుంటాది. నువ్వూ పండుకో, నాకు పని ఉండాది."

నీళ్ళలో తేలే సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయని, గింజలోని పదార్థం వాటి పైపొరను అంటిపెట్టుకుని వాటిని ఒకచోటికి చేరుస్తుందని, బరువెక్కి అవి దిగిపోతాయని నేను తర్వాత చదువుకున్నాను. పెద్ద పెద్ద సభల్లో నా ప్రసంగం ఎప్పుడూ అక్క కుండతోనే మొదలయ్యేది. "నా మొదటి ప్రయోగశాల మా అక్క వంటిల్లు" అనగానే చప్పట్లు పడేవి. ఆ చప్పట్లు పడుతున్న సంవత్సరాల్లో అక్క ఏ నీళ్ళు తాగుతోందో నాకు తెలుసు.

నన్ను కోవిల్‌పట్టిలో పిన్నమ్మ ఇంట్లో ఉంచి చదివించారు. అక్క బడి మానేసింది. ఆ ప్రాంతంలో ఇళ్ళకు అగ్గిపెట్టెల అట్టలు ఇచ్చేవాళ్ళు, ముడిచి అంటించి ఇవ్వాలి. సెలవులకు ఇంటికి పోతే వసారా నిండా అగ్గిపెట్టెలు, మైదా జిగురు పులిసిన వాసన. అక్క మాట్లాడుతూనే ఉండేది, చేతులు మాత్రం ఆగేవి కావు. జిగురు వేళ్ళ మీద ఎండి పొరలాగా లేచేది. దాన్ని నిలువునా ఒలిచి, "చూడు, పాము కుబుసం విడిచింది" అని నా మీదికి విసిరేది. పెళ్ళయి పుదూరు దారిలోని ఊరికి కాపురానికి పోయేదాకా ఆ పని చేస్తూనే ఉంది. నా చదువు ఆ వేళ్ళ మీద నడిచిందని మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. అననక్కర్లేదు కూడా.

విరుదునగర్‌లో ఒక కాలేజీలో లెక్చరరుగా చేరి, ఆపైన డాక్టరేటు తెచ్చుకున్నాక నా దగ్గర సొంత ప్రయోగశాల అంటూ ఒక గది ఉండేది. అప్పుడే వరసగా వానలు ఎగ్గొట్టాయి. అక్క ఊళ్ళో ఊరణి ఎండి పగుళ్ళు తేలింది. ప్రభుత్వం లోతుగా బోరు వేసింది. నీళ్ళు పడ్డాయి, ఊరు సంతోషించింది. నేను ఒక సీసాలో తెచ్చుకుని పరీక్షిస్తే ఫ్లోరైడు ప్రమాదకరంగా ఉంది. ఆ నీళ్ళు కొన్నాళ్ళు తాగితే ముందు పిల్లల పళ్ళు, ఆ తర్వాత పెద్దవాళ్ళ ఎముకలు చెడతాయి. దాన్ని పట్టి ఉంచే అల్యూమినా గుళికల మీదే నేను పనిచేస్తున్నాను. ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? అక్క ఊరు, నా శాస్త్రం. బోరు పక్కన సిమెంటు తొట్టి కట్టించి, లోపల పీపా నిండా తెల్లటి గుళికలు పోయించి, కింద కొళాయి బిగించాను. అప్పటి నా ఆత్రంలో మంచి లేదని ఇప్పుడు చెప్పను. మంచి ఉంది. దాని పక్కనే నా పేరు మీద ఒక మంచి పరిశోధన ఉండాలన్న ఆశ కూడా ఉంది. మొదటి సంవత్సరం రెండూ ఒకే దారిన పోయాయి.

కొళాయి తిప్పిన రోజు అక్క దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మొదటి బిందె ఆమెదే. ఎదురింటి తిరుపతక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి చూసింది. పదునైన నోరు ఆమెది.

"ఏమి రంగా, నీ తమ్ముడు గంగమ్మను పీపాలోకి ఎక్కించినాడా? ఆమెకు ఊపిరి ఆడతాదా లోపల?"

"నీ నోరు కూడా అందులో పెట్టి వడగట్టాల" అంది అక్క. అందరూ నవ్వారు. తిరుపతక్క కూడా నవ్వింది. ఆ నవ్వులో అక్క ముఖం వెలిగిపోవడం నేను చూశాను. నాకోసం మానేసిన బడి ఆ రోజు ఆమెకు తిరిగి వచ్చినట్టుంది.

గుళికలు నిండాక వాటిని క్షారంతో కడిగి, ఆపైన పలచటి ఆమ్లంతో కడగాలి. అప్పుడు పైపొర మీది చోట్లు మళ్ళీ ఖాళీ అవుతాయి. అది చేతులు కాల్చే పని, నేర్చుకున్న మనిషి చెయ్యాలి. ఒకసారి విద్యార్థుల్ని తీసుకుపోయి నేనే చేశాను. ఊళ్ళో ఒకరికి నేర్పాలి అనుకున్నాను. అనుకుంటూనే పరీక్షలు, పేపర్లు, మీటింగులు వచ్చాయి. మనిషికి నేర్పడం నా పరిశోధనలో భాగం కాదు గనుక అది ఎప్పుడూ వచ్చే నెల పనిగానే ఉండిపోయింది.

బావ గురుసామి విరుదునగర్‌కు వచ్చింది అప్పుడే. కాలేజీ వరండాలో చెప్పులు ఒక మూల వదిలి, చేతిలో పసుపు సంచితో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఏం బామ్మర్దీ, ఫ్యాను కింద కూర్చోని కూడా ఇట్ల నల్లబడినావే! మా ఎండ నీ ఊరిదాకా వస్తా ఉండాదా?" అని గట్టిగా నవ్వాడు. సంచిలోంచి కోవిల్‌పట్టిలో దిగి కొన్న వేరుశనగ మిఠాయి పొట్లం తీసి ఇచ్చాడు. ఆ తర్వాత ఒక కలరు సోడా సీసా తీశాడు. అందులో నీళ్ళు. మూత లేకపోతే గుడ్డముక్క దోపి తెచ్చాడు. బస్సు కుదుపులకు సంచి సగం తడిసింది.

"తిరుపతక్క పోరు తాళలేకుండా ఉండాను" అన్నాడు. "మనవరాలికి కొత్త పళ్ళు వస్తా ఉండాయి. అవీ చారలుగానే వస్తా ఉండాయంటాది. నీ బామ్మర్ది ఫిల్టరు ఏమి పీకతా ఉండాదని అడగతాది. ఈ వారం ఊరణి మన్నెత్తే కూటం పెట్టుకోని ఉండారు. ఫిల్టరు నీళ్ళు సరిలేదంటే అందరూ తట్ట పట్టుకోని దిగతారు. సరిగా ఉండాదంటే ఒకడూ రాడు. నీకు తెలియదా మనోళ్ళు. ఒకతూరి చూసి చెప్పు. నేను ఇక్కడే కూర్చోనుంటా."

చూడటానికి ఎంతోసేపు పట్టదు. కాని మరుసటి వారం నా పనికి డబ్బిచ్చే పెద్దలు ఆ ఊరికి వచ్చి ఫిల్టరు చూడబోతున్నారు. వాళ్ళకోసం తయారు చేస్తున్న కాగితాలు బల్ల మీద పరచి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, నేను పెట్టినదాన్ని ఎవరో తిరుపతక్క అనుమానించడం నాకు గుచ్చుకుంది.

"పళ్ళ చారలు ఇప్పటివి కాదు బావా. ఆ పిల్ల ఫిల్టరుకు ముందు నేరుగా తాగిన బోరు నీళ్ళవి. చిగురు లోపల ఉన్నప్పుడే పన్ను చెడిపోతుంది, బయటికి రావడం ఇప్పుడు. ఫిల్టరు బాగుంది. తాగండి" అన్నాను.

బావ సీసాను చూశాడు, నన్ను చూశాడు. "చూడకుండానే చెప్తా ఉండావే?"

"నేను పెట్టింది నాకు తెలియదా బావా?"

"అదీ సరే" అన్నాడు ఆయన, వెంటనే. నా మాట మీద అంత నమ్మకం. సీసా వరండా గోడ మీద పెట్టి, తడిసిన సంచి పిండుకుని, రాత్రికి ఉన్న తిరుగు బస్సు కోసం బస్టాండుకు పోయాడు.

పళ్ళ గురించి నేను చెప్పింది శాస్త్రం ప్రకారం నిజమే. అందుకే ఆ అబద్ధం అంత సులభంగా నోటికి వచ్చింది. ఆ సాయంత్రం తరగతులు అయ్యాక సీసాలోని నీళ్ళు పరీక్షించాను. బోరులోంచి వచ్చిన నీళ్ళకూ వాటికీ తేడా లేదు. గుళికలు ఎప్పుడో నిండిపోయాయి. ఎన్నాళ్ళుగానో ఊరు ఉత్త గులకరాళ్ళ మీదుగా పారిన నీళ్ళు తాగుతోంది. ఆ క్షణంలో బస్టాండుకు పోయి ఉంటే బావ దొరికేవాడు. పోలేదు. పెద్దలు రావడానికి ముందు నేనే పోయి, కొత్త గుళికలు పోయించి, నీళ్ళు సరిచేసి పెడితే చాలు కదా అనుకున్నాను. అలాగే చేశాను. వాళ్ళు వచ్చి చూశారు. పరికరం మంచి ఫలితం చూపించింది. ఫొటోలు తీసుకున్నారు. అక్క అందరికీ ఆ కొళాయి నీళ్ళే చెంబుతో ఇచ్చింది. ఆ కొత్త గుళికలు కూడా కొన్ని నెలల్లో నిండుతాయని ఆ గుంపులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఊరణి కూటంలో ఏం జరిగిందో అప్పుడే విన్నాను. బావ లేచి, "మా బామ్మర్ది చూసినాడు, నేను పక్కన ఉండా" అన్నాడట, నేను చూడలేదని తెలిసి కూడా. తిరుపతక్క ఒప్పుకోలేదట. అక్క వీధిలో నిలబడి, "నీ మనవరాలి పళ్ళకు నా తమ్ముడి చదువును తూకమేస్తావా?" అని అరిచి ఆమె నోరు మూయించిందట. ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. ఆ ఏడాది మన్నెత్తడం ఆగిపోయింది. మరుసటి ఏడాదీ ఆగిపోయింది. ఆపైన సీమతుమ్మ మొలిచింది. ముళ్ళలోకి దిగి తట్ట ఎత్తడానికి ఇక ఎవరు వస్తారు?

ఆ పని మీదే నాకు హైదరాబాదులో పరిశోధనాలయంలో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాతిది వృత్తిజీవితం. అది బాగానే సాగింది. దాని గురించి వేరే అధ్యాయాల్లో రాశాను. ఇక్కడ రాయాల్సింది నేను సెలవుల్లో అక్క ఊరికి పోయినప్పుడల్లా ఏం చేశానో. కోవిల్‌పట్టి బస్టాండులో దిగి సీసా నీళ్ళు కొనుక్కునేవాణ్ణి. అక్క చెంబు ఇస్తే, "డాక్టరు నాకు సీసా నీళ్ళే తాగమన్నాడు" అనేవాణ్ణి. భాగ్యం ఫిల్టరు పెట్టాక పుట్టిన పిల్ల. ఆమె పాలపళ్ళు ఊడి వచ్చిన కొత్త పళ్ళ మీద చారలు చూశాను. ఈసారి నా శాస్త్రంలో సాకు దొరకలేదు. ఎవరూ అడగలేదు గనుక సాకు అవసరమూ పడలేదు. బావ మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. "బండి తిప్పినట్టు తిప్పాల నన్ను" అని నవ్వేవాడు. ఆయన చనిపోవడానికి ముందు ఆఖరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నీ నీళ్ళు లేకుంటే ఈమాత్రం కూడా తిరగతా ఉండను బామ్మర్దీ" అన్నాడు. నేను ఆయన చేతిని నొక్కాను. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. గుళికలు మార్చమని పంచాయతీకి ఒక మాట చెప్పినా చాలు. కాని ఎందుకు మార్చాలని అడుగుతారు, ఎప్పటినుంచి చెడిపోయాయని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు భయపడి నేను ముసలివాణ్ణయ్యాను.

ఆపరేషను అయి అక్కను ఊరికి తీసుకువచ్చాక కొన్నాళ్ళు అక్కడే ఉన్నాను. ఊరు ఇప్పుడు వేరు. ఇంటింటికీ డిష్షు, కుర్రాళ్ళకు మోటారు సైకిళ్ళు. నది నీళ్ళు గొట్టాల్లో వస్తాయి, వచ్చిన రోజు. రాని రోజుల్లో అందరూ ఫిల్టరు కొళాయి దగ్గరే. పంచాయతీ తొట్టికి నీలం రంగు వేయించింది, మోటారు పెట్టించింది. లోపలి గుళికలు మాత్రం నేను పోయించినవే.

మధ్యాహ్నం వసారాలో అక్క మంచం పక్కన కూర్చుని ఇది రాసుకుంటున్నాను. "ఏమిరా రాస్తా ఉండావు, ఊపిరి తీసుకోకుండా?" అంది.

"మన కతే అక్కా."

"చదువు మరి. ఇట్ల పండుకోని ఏమి చేసేది?"

నాయన చొక్కా, తుమ్ములు, ఊరణి, కుండ, అగ్గిపెట్టెలు చదివాను. మా మాటల్లోకి మార్చుకుంటూ చదివాను. కుబుసం దగ్గర అక్క గట్టిగా నవ్వి, నొప్పి పుట్టి, మళ్ళీ నవ్వింది. బావ వరండాలో నిలబడినదాకా వచ్చి ఆగాను.

"యాల నిలిపేసినావు?" అంది. "ఆయప్ప సీసా ఎత్తుకోని వచ్చినాడు. అప్పుడు?"

కాగితాలు కింద పెట్టి చెప్పాను. చివరిదాకా చెప్పాను. భాగ్యం వంటింటి గడపలో నిలబడి వింటోందని తర్వాత చూశాను. చీర చెంగు నోటి దగ్గర లేదు. అక్క వాసాల వైపు చూస్తూ అడిగింది.

"మీ బావకు తెలుసునా?"

"తెలియదు. నా మాటే నమ్మాడు."

"తెలియకుండానే పోయినాడు." ఊపిరి పీల్చి వదిలింది. "తిరుపతిని నేను ఎంత మాట అన్నానురా. వీధిలో నిలబెట్టి." నన్ను ఒక్క తిట్టయినా తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు. మెడ తిరగదు గనుక కళ్ళు మాత్రం భాగ్యం వైపు తిప్పింది. "పొద్దున కొళాయి కాడ అందరూ ఉంటారు కదా? నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకోని పోండి."

"డాక్టరు కదలకూడదన్నాడమ్మా."

"చదివినోళ్ళు చెప్పిందంతా వినే ఇట్ల ఉండాను. నా మాట వినండి ఇప్పుడు."

పొద్దున నేనూ భాగ్యం మొగుడూ ప్లాస్టిక్ కుర్చీ చెరొక పక్క పట్టుకుని ఆమెను కొళాయి దగ్గరికి మోసుకుపోయాం. బిందెల వరస పెద్దదిగా ఉంది. గొట్టం నీళ్ళు వచ్చి చాలా రోజులైంది. "ఏమి రంగమ్మత్తా, పెళ్ళికూతురు మాదిరి ఊరేగతా ఉండావు!" అని ఎవరో అన్నారు. వరస చివర తిరుపతక్క ఉంది. బాగా వంగిపోయి, బిందె మీద చేతులు ఆనించి నిలబడింది.

"తిరుపతీ" అంది అక్క. ఇన్నేళ్ళకు ఆ పేరు పిలవడం. "ఆ దినం నువ్వు చెప్పిందే నిజం. నేను నీ నోరు మూయించినాను. నేను అన్న మాట నేనే ఎనక్కి తీసుకుంటా ఉండాను." తర్వాత నాతో, "చెప్పరా. నువ్వే చెప్పాల."

నేను గుళికల పైపొర, చోట్లు, కడగడం అంటూ మొదలుపెట్టాను. సభల్లో అలవాటైన గొంతే వచ్చింది. తిరుపతక్క చెయ్యెత్తింది.

"అదంతా వద్దు సామీ. ఈ నీళ్ళు తాగొచ్చునా, తాగకూడదునా?"

"తాగకూడదు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఏడాది దాటినప్పట్నుంచే. గురుసామి బావ సీసా తెచ్చినప్పుడే చెడిపోయి ఉన్నాయి. ఆ సాయంత్రమే నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు. ఆయన తప్పు లేదు."

కొళాయి కింద నిండుతున్న బిందె పొర్లిపోతోంది. ఎవరూ కట్టలేదు. తిరుపతక్క నా ముఖం కేసి చూసింది. తిడుతుందనుకున్నాను. "నా మనవరాలు నోరు తెరిచి నవ్వి ఎన్నాళ్ళాయెనో" అంది. అంతే. తన ఖాళీ బిందె ఎత్తుకుని అక్క కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది. ఒకామె తన బిందె వంచి నీళ్ళు నేల మీద పారబోసింది. ఇంకొకామె పారబోసింది. నల్లమన్ను తడిసి బురదయింది. ఎవరో నన్ను తమిళంలో తిట్టారు. ఎవరో తన కొడుకు కాళ్ళు వంకరపోవడం గురించి అడగబోయి ఆగిపోయారు.

వరసలో చంకన పిల్లతో ఒక చిన్నది ఉంది. ఊరికి కొత్త కోడలు, నన్ను ఎన్నడూ చూడనిది. అన్నీ విన్నాక మెల్లగా అడిగింది. "సరి, ఈ పొద్దుకు నీళ్ళు ఇంకెక్కడ ఉండాయి?"

అందరూ ఊరణి ఉండిన వైపు చూశారు. అటు సీమతుమ్మ తప్ప ఏమీ కనిపించదు. నీళ్ళ క్యాన్ల బండి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినా అందరూ కొనలేరు. ఆ చిన్నది పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, బిందె కొళాయి కింద పెట్టి, నిండేదాకా నిలబడి, ఎత్తుకుని ఇంటికి పోయింది. ఎవరూ ఆమెను ఆపలేదు.